ఆన్‌లైన్‌లో పాత నాణెం కొంటున్నారా? ముందు నా నిజాం రూపాయి సంగతి వినండి

చేవెళ్ల నుంచి మళ్లీ మీ ముందుకొచ్చాను. బయట వాన పడుతోంది, రేకుల మీద చప్పుడు మీకు వినిపిస్తే ఏమనుకోవద్దు.

ఇవ్వాళ ఒక వస్తువు తెచ్చాను. కెమెరాకు దగ్గరగా పెడుతున్నా, చూడండి. ఇటువైపు చార్మినార్. అటువైపు ఫార్సీ రాత. కొంచెం నల్లబడి, చూడగానే వందేళ్ల నాటిది అనిపిస్తుంది కదా? "నిజాం వెండి రూపాయి, గ్యారంటీ ఒరిజినల్, చాలా రేర్" అని చెప్పి నాకు అమ్మారు. ఒకటి కాదు, రెండు. 3,200 రూపాయలు. ఇందులో వెండి ఎంతుందో ఎపిసోడ్ చివరిదాకా ఆపి చెప్పే అలవాటు నాకు లేదు, ఇప్పుడే చెప్పేస్తా. సున్నా.

పోయిన నెల మొయినాబాద్‌లో ఇంజినీరింగ్ చదివే ఒక చెల్లె మెసేజ్ పెట్టింది. "అక్కా, ఆన్‌లైన్‌లో పాత నాణేలు కొనుక్కొని దాచిపెడితే తర్వాత లక్షలొస్తాయంట, నేను మొదలుపెడుతున్నా, ఏ ఆప్ మంచిది?" అని. రెండు వాక్యాల్లో జవాబు రాద్దామనుకున్నా. రాయలేకపోయాను. ఎందుకంటే ఆ పిల్ల వేసిన ప్రశ్నలోనే సగం మోసం దాక్కుని ఉంది. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు నా సంగతి. మా నానమ్మకు ఒక రూపాయల దండ ఉంది. పాత హాలీ సిక్కా రూపాయలకు పైన చిన్న కొక్కేలు అతికించి, నల్ల దారానికి గుచ్చింది. వాళ్ల అమ్మగారింటి నుంచి వచ్చింది. మొత్తం 21 రూపాయలు ఉండేవట. మా నాన్న పదో తరగతి పరీక్ష ఫీజు కట్టాల్సి వచ్చినప్పుడు రెండు తీసి అమ్మేసింది. అప్పటి నుంచి 19. పోయినేడు మా పెద్దనాన్న బిడ్డ పెళ్లి కుదిరింది. దండ దానికే ఇస్తానని నానమ్మ ఎప్పుడో చెప్పింది. "రెండు తక్కువున్నయి బిడ్డా, నిండుగ ఇయ్యలేకపోతున్న" అని ఒక్క మాట అన్నది. ఆ మాట నాకు గుచ్చుకుంది. నాకు జీతమొస్తోంది, చేతిలో ఫోన్ ఉంది, రెండు రూపాయలు కొనివ్వలేనా అనుకున్నా.

ఫోన్‌లో వెతికితే ఒక్క నిమిషంలో నలభై కనిపించాయి. ఒకదాని ఫోటో ఎంత బాగుందంటే, చార్మినార్ మినార్ల మీద గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. ఆర్డర్ చేద్దామనుకునేలోపే అమ్మేవాడు చాట్‌లోకి వచ్చాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. "మేడం, ఇక్కడ కొంటే వీళ్లు కమిషన్ తీసుకుంటారు, మీకు 3,700 పడుతుంది. డైరెక్ట్‌గా వాట్సాప్‌లో రండి, 3,200కే పంపిస్తా." ఐదు వందలు మిగులుతున్నాయి కదా అనిపించింది. యూపీఐ చేశాను. ఇది ఎందుకు తప్పో తర్వాత చెప్తా. ఈ మొత్తం కథలో నేను చేసిన అతి పెద్ద తప్పు అదే, నకిలీ నాణెం కొనడం కూడా కాదు.

పార్సిల్ నిజంగానే వచ్చింది. అందుకే నాకు అనుమానం రాలేదు. మోసం చేసేవాడు ఏమీ పంపడు అని మన అందరి నమ్మకం. కానీ నాణేల దందాలో చాలాసార్లు పంపుతాడు. పంపితేనే నువ్వు కంప్లైంట్ చేయవు. వచ్చినవాటిని తెల్లారి నానమ్మ చేతిలో పెట్టాను. అద్దాలు పెట్టుకోలేదు, వెలుగులోకి తీసుకుపోలేదు. అరచేతిలో రెండుసార్లు ఎగరేసింది. తర్వాత అరుగు మీద తాండూరు బండ మీద ఒకటి జారవిడిచింది. "టక్" మని పడింది. దండలోది ఒక రూపాయిని గోటితో మీటి వినిపించింది. సన్నగా మోగి, కొంచెంసేపు నిలిచింది ఆ చప్పుడు.

"గిది రూపాయి గాదు బిడ్డా. రేకు బిళ్ల. ఎంత వెట్టినవ్?"

"వెయ్యి నానమ్మా" అని అబద్ధం చెప్పాను. ఇప్పుడు ఈ వీడియో చూస్తే తెలుస్తుంది పాపం.

నాకు అప్పటికీ నమ్మబుద్ధి కాలేదు. బజార్లో మా అవుసలాయన దగ్గరికి తీసుకెళ్లాను. కాటా మీద పెట్టాడు. ఒకటి 9.4 గ్రాములు, ఇంకోటి 9.6 తూగింది. నిజాం కాలపు వెండి రూపాయి బరువు 11.178 గ్రాములు ఉండాలి. వాడుకలో అరిగినా కొంచెమే తగ్గుతుంది, గ్రామున్నర పైన ఎట్లా పోతుంది? అంచు కొంచెం గీసి చూపించాడు. లోపల పసుపు రంగు. ఇత్తడి మీద వెండి రంగు పూత. నల్లదనం కూడా మందు పెట్టి తెప్పించిందే అన్నాడు. ఆయన కాటా వేయడానికి పైసలు తీసుకోలేదు. నా మొహం చూసి జాలేసినట్టుంది.

అంతటితో ఊరుకోవచ్చు. కానీ నాకు పట్టింపు వచ్చింది. ఆదివారం మెహదీపట్నం బస్సెక్కి, అక్కడి నుంచి చార్మినార్ పోయాను. అక్కడ పాత నాణేలు పరుచుకొని అమ్మే ఒక పెద్దాయన ఉంటాడు. నా బిళ్లను చూసి నవ్వి, తన భూతద్దం నా చేతికే ఇచ్చాడు. "చార్మినార్ మధ్యలో పెద్ద వాకిలి ఉంది కదా, అందులో ఒక అక్షరం ఉంటది చూడు బేటా" అన్నాడు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్తా, ఓపిక పట్టండి, చాలా బాగుంటుంది. హైదరాబాద్‌లో మిషన్ మీద అచ్చేసిన చార్మినార్ రూపాయలు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో వచ్చాయి. సైఫాబాద్‌లో టంకశాల కట్టింది 1903లో. ఆయన నాణేల మీద చార్మినార్ వాకిట్లో 'మీమ్' అనే అక్షరం ఉంటుంది, అంటే మహబూబ్‌లో మ. 1911లో ఆయన పోయాక ఉస్మాన్ అలీ ఖాన్ వచ్చాడు. ఆయన నాణేల మీద అదే వాకిట్లో 'ఐన్' అక్షరం, ఉస్మాన్ పేరు మొదలయ్యేది దానితోనే. వేలెడంత నాణెం మీద, గింజంత వాకిట్లో, రాజు ఎవరో రాసిపెట్టారు. మన మొయినాబాద్ పక్కనున్న గండిపేట చెరువు అసలు పేరు ఉస్మాన్ సాగర్ కదా, అదే ఉస్మాన్. 1908లో మూసీ వరద వచ్చి పట్నం కొట్టుకుపోయాక, ఆ వరదను ఆపడానికి కట్టించింది, 1920లో పూర్తయింది. నేను కాలేజీకి పోయే బస్సులో రోజూ ఆ పేరు వింటూ పోయినదాన్నే. ఆయన నాణెం మీద ఆయన అక్షరం ఎట్లుంటుందో మాత్రం తెలియదు.

ఇప్పుడు నా బిళ్ల మీద ఏముందంటే, వాకిట్లో 'మీమ్' ఉంది. హిజ్రీ సంవత్సరం 1337 అని ఉంది. హిజ్రీ 1337 అంటే మన లెక్కలో 1918, 1919 అన్నమాట. మహబూబ్ అలీ ఖాన్ పోయి ఏడేళ్లయింది! పోయిన రాజు పేరు మీద నాణెం వేశారన్నమాట, మా వాట్సాప్ అంకుల్ టంకశాలలో. పెద్దాయన చెప్పింది ఏమిటంటే, నకిలీలు చేసేవాళ్లు ఒక వైపు అచ్చు ఒక నాణెం నుంచి, రెండో వైపు ఇంకో నాణెం నుంచి తీస్తారట. ఫార్సీ చదవగలిగేవాళ్లు ఎంతమంది ఉన్నారు, ఎవరు పట్టుకుంటారు అనే ధైర్యం.

మరి ఆ ఫోటోలో అంత చక్కగా ఎట్లుంది? ఇంటికొచ్చి ఆ ఫోటోనే గూగుల్ లెన్స్‌లో వేశాను. ఎప్పుడో ఎక్కడో జరిగిన ఒక వేలంలో అమ్ముడుపోయిన నాణెం ఫోటో అది. పైన కుడివైపు చిన్న గాటు, అదే చోట, అదే ఆకారం. కొనకముందు ఈ పని చేయడానికి ఇరవై సెకండ్లు పట్టేది.

నాకు అర్థమైంది ఇదీ దోస్తులూ. చొక్కా ఆన్‌లైన్‌లో కొంటే, తేడా వస్తే తొడుక్కున్నప్పుడు తెలుస్తుంది. ఫోన్ కొంటే ఆన్ చేస్తే తెలుస్తుంది. నాణెం అట్లా కాదు. అది నిజమో కాదో చెప్పేది బరువు, చప్పుడు, అంచు, చేతికి తగిలే తీరు. ఈ నాలుగూ ఫోన్ స్క్రీన్‌లోంచి రావు. మా నానమ్మకు మూడు సెకండ్లలో తెలిసింది నాకు మూడు రోజుల చాట్‌లో తెలియలేదు. కాబట్టి స్క్రీన్ చూపించలేనిదాన్ని అడిగి తెప్పించుకోవాలి. "కాటా మీద పెట్టి, రెండు సున్నాల గ్రాముల దాకా కనిపించేట్టు ఫోటో పంపండి. అంచు ఫోటో పంపండి. పక్కన ఇవ్వాళ్టి తేదీ రాసిన కాగితం పెట్టండి." నిజంగా నాణెం చేతిలో ఉన్నవాడికి ఇది రెండు నిమిషాల పని. లేనివాడు కోపం తెచ్చుకుంటాడు. "మేడం, నమ్మకం లేకపోతే తీసుకోకండి" అంటాడు. ఆ కోపమే మీకు కావాల్సిన జవాబు.

బరువులు కొన్ని గుర్తుపెట్టుకోండి, లేదా స్క్రీన్‌షాట్ కొట్టుకోండి. బ్రిటిష్ ఇండియా వెండి రూపాయి, అంటే విక్టోరియా రాణి, ఎడ్వర్డ్, జార్జ్ రాజుల బొమ్మ ఉన్నది, 11.66 గ్రాములు. అందులో వెండి నూటికి 91.7 పాళ్లు. అంటే దాదాపు 10.7 గ్రాముల అసలు వెండి. నిజాం రూపాయిలో వెండి 81.8 పాళ్లు, లెక్కేస్తే 9.1 గ్రాముల పైన. ఆ రోజు వెండి ధరతో గుణిస్తే కనీస విలువ వచ్చేస్తుంది. ఎవడైనా దానికన్నా సగానికి "ఒరిజినల్ వెండి రూపాయి" ఇస్తున్నాడంటే, వాడు మీకు దానం చేస్తున్నాడా? మనం చిలుకూరు బాలాజీ గుడిలోనే హుండీ లేకుండా చూశాం, బజార్లో ఎక్కడా చూడలేదు.

ఇంకో చిత్రం చెప్తా. వెనక పులి బొమ్మతో 1947 రూపాయి ఉంటుంది. ఇది వెండి అని బోలెడంతమంది అమ్ముతారు. బరువు కూడా అదే 11.66. కానీ అది వెండి కాదు, నికెల్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో 1940 నుంచే రూపాయిలో వెండిని సగానికి తగ్గించేశారు, ఆఖరికి పూర్తిగా తీసేశారు. అయస్కాంతం పెడితే 1947 రూపాయి ఠక్కున అతుక్కుంటుంది, వెండి అతుక్కోదు. నాణెం నిజమైనదే, చెప్పిన మాట అబద్ధం. ఇట్లాంటిది కూడా మోసమే కదా.

ఇక "పాతది కాబట్టి ఖరీదైనది" అనే మాట. ఆ చెల్లె మెసేజ్‌లో ఉన్నదీ ఇదే. 1862 విక్టోరియా రూపాయి లక్షలు పలుకుతుందని మీరు ఎన్ని థంబ్‌నెయిల్స్ చూసి ఉంటారు? అసలు సంగతి ఏమంటే, 1862 అనే తేదీని అట్లాగే ఉంచి 1874 దాకా అచ్చేస్తూ పోయారు. అంటే పన్నెండేళ్ల రూపాయలన్నీ 1862 పేరు మీదే ఉన్నాయి. అంత మామూలు నాణెం ఇంకోటి దొరకడం కష్టం. చుక్కల తేడాలు, అచ్చు రకాలు చూసి కొన్నింటికి ఎక్కువ ఇచ్చేవాళ్లు ఉన్నారు, అది వేరే చదువు. ఆ చదువు లేకుండా కొనేవాళ్ల మీదే ఈ దందా నడుస్తుంది. దానికి ఎదురుగా జార్జ్ రాజు 1939 రూపాయి చూడండి, 1862 కన్నా ఎంతో కొత్తది, కానీ నిజంగా అరుదు. అరుదు కాబట్టే దానికి నకిలీలు కుప్పలు. 1938ని చెక్కి 1939 చేసేవాళ్లు కూడా ఉన్నారు. ఎవరైనా ఫోన్‌లో "1939 ఉంది, అర్జెంటుగా అమ్ముతున్నా" అంటే నేనైతే నమస్తే చెప్పి పెట్టేస్తా.

కొత్త నాణేల మీద కూడా కథలే. తేదీ కింద నక్షత్రం ఉంటే అదృష్టం, లక్షలు అని. ఆ నక్షత్రం మన హైదరాబాద్ టంకశాల గుర్తు, అంతే. సైఫాబాద్ నుంచి ఆ టంకశాల 1997లో చర్లపల్లికి పోయింది, అక్కడ అచ్చేసినవాటి మీద నక్షత్రం వేస్తారు. డైమండ్ ఉంటే ముంబై, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. చేవెళ్ల కిరాణా కొట్టు గల్లా తీస్తే నక్షత్రాలు ఆకాశంలో కన్నా ఎక్కువ దొరుకుతాయి. ఖడ్గమృగం ఉన్న 25 పైసలు అంతే. 2011 జూన్ 30 నుంచి చెలామణి ఆగిపోయింది కాబట్టి అరుదు అనుకుంటారు. ఆగిపోవడం వేరు, అరుదు కావడం వేరు. మా ఇంట్లోనే ఒక పాల డబ్బా నిండా ఉన్నాయి, ఎవరికైనా కావాలా?

[నవ్వు]

ఇప్పుడు కొంచెం సీరియస్ సంగతి. "1818 ఈస్టిండియా కంపెనీ రాముడు సీత నాణెం", "హనుమంతుడి అణా" అని చూసి ఉంటారు. కొన్నింటి మీద 1616 అని, 1717 అని కూడా ఉంటుంది, పక్కన 'యూకేఎల్' అనే అక్షరాలు. కంపెనీ ఇట్లాంటి నాణేలు ఎప్పుడూ వేయలేదు. ఎవరో తర్వాత తయారుచేసిన బిళ్లలు ఇవి. గుళ్లలో, ఇళ్లలో పూజకు పెట్టుకునే రామ టంకాలు అని ఒక సంప్రదాయం ఉంది, అది నిజం, దాన్ని నేను ఏమీ అనడం లేదు. కానీ పూజ బిళ్లను నాణెం అని అమ్మడం వేరే. అంతకన్నా ఘోరం, ఇవే బిళ్లలను పట్టుకొని "ఇది బియ్యపు గింజల్ని లాగుతుంది, ఇందులో ఇరిడియం ఉంది, విదేశాల్లో కోట్లు" అని రైస్ పుల్లర్ దందా. మన హైదరాబాద్ చుట్టుపక్కల ఎన్నోసార్లు ముఠాలు దొరికాయి, అయినా మళ్లీ కొత్తవాళ్లు పడుతూనే ఉన్నారు. బియ్యానికి ఇనుప పొడి అద్దితే అయస్కాంతానికి అతుక్కుంటుంది. అంత సులువు అది.

మొయినాబాద్ హాస్టల్లో నాతోపాటు చదివిన ఒక ఫ్రెండ్ కథ చెప్పాలి. వాళ్ల నాన్న ఎన్టీఆర్‌కు వీరాభిమాని. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము ఢిల్లీలో ఎన్టీఆర్ శతజయంతి వంద రూపాయల నాణెం విడుదల చేశారు, గుర్తుందా? మన హైదరాబాద్ టంకశాలలోనే తయారైంది. ఇక్కడ కౌంటర్ల దగ్గర జనం బారులు తీరారు. ప్యాకింగ్‌ను బట్టి నాలుగు వేల పైచిలుకు ధర. నా ఫ్రెండ్‌కు లైన్లో నిలబడే తీరిక దొరకలేదు. కొన్నాళ్లకు ఒక సోషల్ మీడియా పేజీలో "ఎన్టీఆర్ నాణెం, స్టాక్ క్లియరెన్స్, 999 మాత్రమే" అని చూసి కొనేసింది. వాళ్ల నాన్న పుట్టినరోజుకు ఇచ్చింది. ఆయన మురిసిపోయి షోకేస్‌లో పెట్టుకున్నాడు.

అసలు నాణెం 44 మిల్లీమీటర్ల వెడల్పు, 35 గ్రాముల బరువు. సగం వెండి, 40 పాళ్లు రాగి, మిగతా నికెల్, జింక్. అంటే వెండే 17.5 గ్రాములు. 999కి ఎట్లా వస్తుంది? నేను ఈ ఎపిసోడ్ కోసం అడిగితే తను తూచి చూసింది. 22 గ్రాములు. బంగారు రంగు పూత ఉన్న జ్ఞాపిక బిళ్ల. ఇప్పటికీ వాళ్ల నాన్నకు చెప్పలేదు. "ఆయనకు నాణెం కాదు, ఎన్టీఆర్ కావాలి, ఉండనీ" అంది. నేనేమీ అనలేకపోయాను. ఇంకో మాట, వంద అని రాసున్నంత మాత్రాన ఇవి షాపులో ఖర్చుపెట్టే నాణేలు కావు, చెలామణి కోసం వేయరు, దాచుకోవడానికే. కావాలంటే ప్రభుత్వ టంకశాల సొంత వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోవచ్చు. దాని పేరుతో వచ్చే లింకులు కాకుండా, అడ్రస్ మీరే టైప్ చేయండి.

కొనడం గురించే చెప్తున్నా కానీ, అమ్మకం పేరుతో జరిగేది ఒక్క ముక్క చెప్పకపోతే ఈ ఎపిసోడ్ సగమే. మా చేవెళ్ల మార్కెట్‌కు టమాటా తెచ్చే ఒక బాబాయి దగ్గర వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణెం ఉంది. వీడియో చూసి నంబర్‌కు ఫోన్ చేశాడు. "పది లక్షలిస్తాం. రిజిస్ట్రేషన్ 750 కట్టండి" అన్నారు. కట్టాడు. తర్వాత జీఎస్టీ అన్నారు, తర్వాత ఇన్సూరెన్స్, తర్వాత రిజర్వ్ బ్యాంక్ పర్మిషన్. రిజర్వ్ బ్యాంక్ ముద్ర ఉన్న లెటర్ కూడా పంపారు. ఒక కోత టమాటా డబ్బు మొత్తం పోయింది. ఎంతో నన్ను చెప్పొద్దన్నాడు, చెప్పను. రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. పాత నోట్లు, నాణేల అమ్మకం కొనుగోళ్లతో తమకు ఏ సంబంధమూ లేదు, ఏ ఫీజూ కమిషనూ అడగము, మా తరఫున వసూలు చేయమని ఎవరికీ అధికారం ఇవ్వలేదు అని. ఆ ముక్క బాబాయికి ఎవరు చెప్తారు? ఆయన ఫోన్‌లో వచ్చేది మళ్లీ అవే వీడియోలు.

చట్టం గురించి రెండు మాటలు, తొందరగా. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద పురావస్తువు. దేశం దాటించడం నేరం. అమెరికాలో ఉన్న అన్నయ్యకు గిఫ్ట్ అని కొరియర్‌లో పంపితే కూడా ఇబ్బందే. అట్లాగే "మా పొలంలో జేసీబీతో తవ్వుతుంటే దొరికిన నిధి, రహస్యంగా అమ్ముతున్నాం" అనే మెసేజ్‌లు. మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్‌ల కోసం తవ్వకాలు ఎక్కువ కదా, అందుకే నమ్మేస్తారు. నూటికి తొంభైతొమ్మిది పాళ్లు అది ఇత్తడే. నిజంగా దొరికిందే అయితే ఇంకా పెద్ద చిక్కు, భూమిలో దొరికిన నిధి గురించి కలెక్టర్‌కు చెప్పాలి, దాచి అమ్మినవాడికీ, తెలిసి కొన్నవాడికీ కేసే. మన పెద్దబంకూర్, కోటిలింగాలలో దొరికిన శాతవాహనుల నాణేలు మనకు చరిత్ర చెప్పాయంటే, అవి తవ్వినచోట నుంచి మ్యూజియానికి చేరాయి కాబట్టి.

ఇప్పుడు నేను చేసిన పెద్ద తప్పు దగ్గరికి వస్తా. ఐదు వందలు మిగుల్చుకోవడానికి ఆప్ బయట డబ్బు పంపాను. ఆప్‌లోనే కొని ఉంటే ఏం జరిగేది? 2020 ఈ-కామర్స్ నియమాలు ఉన్నాయి. అమ్మేవాడి పేరు, అడ్రస్ చూపించాలి. కంప్లైంట్ తీసుకునే ఆఫీసర్ ఉండాలి, 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోగా తేల్చాలి. "నో రిటర్న్" అని రాసున్నా సరే, నకిలీదో, చెప్పినట్టు లేనిదో పంపితే వెనక్కి తీసుకోననే హక్కు అమ్మేవాడికి లేదు. ఇది చాలామందికి తెలియదు. అదీ కుదరకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు, అది వినియోగదారుల హెల్ప్‌లైన్. మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. నేను వాట్సాప్‌లోకి అడుగుపెట్టిన క్షణంలో ఇందులో చాలా భాగం పోగొట్టుకున్నా. నా ఆర్డరే లేదు అక్కడ. నాకు అమ్మిందెవరో ఆప్‌కు తెలియదు, నాకూ తెలియదు.

ఇంకోటి, సిగ్గుపడి ఆరు రోజులు ఎవరికీ చెప్పలేదు. తర్వాత 1930కి ఫోన్ చేశాను, సైబర్ క్రైమ్ వెబ్‌సైట్‌లో కంప్లైంట్ పెట్టాను. ఫోన్ ఎత్తినామె మొదట అడిగింది ఒక్కటే, "డబ్బు పంపి ఎన్ని గంటలైంది?" గంటలు! నేను రోజులు చెప్పాను. వెంటనే చేస్తే ఆ డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపే అవకాశం ఉంటుందట. ఆరు రోజులకు అది ఎక్కడెక్కడికో పోయింది. కంప్లైంట్ నంబర్ ఉంది నా దగ్గర. డబ్బు రాలేదు.

పార్సిల్ విప్పేటప్పుడు వీడియో కూడా తీయలేదు నేను. మీరు తీయండి. కవర్ మీద లేబుల్ కనిపించాలి, మధ్యలో కట్ కాకుండా, నాణెం కాటా మీద పెట్టేదాకా ఒకటే షాట్. నగల చిన్న కాటా నాలుగైదు వందలకు వస్తుంది. లేకపోతే మీ ఊరి అవుసలాయన ఎట్లాగూ ఉన్నాడు. డబ్బు వెనక్కి ఇస్తాం, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అని ఎవడైనా అంటే ఫోన్ పెట్టేయండి, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు.

పెళ్లి ఏమైందని అడుగుతారు. అయింది, బాగా అయింది. దండ 19 రూపాయలతోనే ఇచ్చింది నానమ్మ. నేను మళ్లీ చార్మినార్ పోయి ఆ పెద్దాయన దగ్గరే, తూచి, వాకిట్లో అక్షరం చూసి, మోగించి రెండు కొందామనుకున్నా. ఆయనే ఆపాడు. "దండకైతే కొక్కెం అతికిస్తావు, మంచి నాణెం పాడైతది, కొనేవాళ్లు దానికి వెండి ధరే ఇస్తరు. అరిగిపోయినవి తీసుకో" అన్నాడు. అరిగినవే రెండు ఇచ్చాడు. ఒకటి 11.02, ఇంకోటి 10.97 తూగాయి. రెండింట్లోనూ 'ఐన్' ఉంది. మా అక్క బోనాలకు పుట్టింటికి వచ్చినప్పుడు నానమ్మే కూర్చొని గుచ్చింది. ఈసారి బండ మీద వేసి చూడమని నేనే అడిగాను.

సరే, కామెంట్లలో నాణెం ముందువైపు ఒక్క ఫోటో పెట్టి "అక్కా ఎంత వస్తది" అని అడగొద్దు, నాకు తెలియదు. రెండు వైపులా, అంచు, కాటా మీద బరువు, ఈ నాలుగూ పెట్టండి. నాకు తెలిసింది చెప్తా, తెలియకపోతే చార్మినార్ పోయినప్పుడు పెద్దాయన్ను అడిగొస్తా. కరెంట్ పోయేట్టుంది, ఉంటాను దోస్తులూ.